ఇసుక దీవిలో వేసవి విడిది

వేసవి సమీపించేసరికి మన ఊళ్లలో చాలా ఇళ్లకు అమెరికా నుంచి ఒక కబురు వస్తూ ఉంటుంది. "నాన్నా! ఈసారి మీరూ అమ్మా వచ్చినప్పుడు అందరమూ కలిసి వారం రోజులు సముద్రపు ఒడ్డున ఇల్లు తీసుకొని ఉందామనుకుంటున్నాము" అని అమ్మాయి గాని అబ్బాయి గాని ఫోనులో చెబుతారు. ర్యాలీలోనో, కేరీలోనో, వర్జీనియా రాష్ట్రపు ఉత్తర భాగంలోనో కాపురమున్న తెలుగువారి నోట ఈ మాట వచ్చినదంటే, ఆ సముద్రపు ఒడ్డు ఔటర్ బ్యాంక్స్ అయి ఉండడానికి చాలా అవకాశమున్నది. నార్త్ కెరొలినా రాష్ట్రానికి తూర్పున, అట్లాంటిక్ మహాసముద్రంలోనికి మోచేయివలె పొడుచుకొని వచ్చి, దాదాపు రెండువందల మైళ్ల పొడవున సాగిన ఇసుక దీవుల వరుసకు ఆ పేరు.

వినగానే మనకు విశాఖపట్నం తీరమో, బందరు దగ్గరి మంగినపూడి తీరమో కళ్ల ముందు కదులుతుంది. కాని ఇది ఆ కోవకు చెందిన చోటు కాదు. విశాఖలో సముద్రానికి వెన్ను చూపి నిలబడితే ఎదుట ఊరు, ఊరి వెనుక కొండ కనిపిస్తాయి. ఔటర్ బ్యాంక్స్ మీద సముద్రానికి వెన్ను చూపి నిలబడితే ఎదుట మళ్లీ నీరే కనిపిస్తుంది. కొన్ని చోట్ల ఈ నీటికీ ఆ నీటికీ మధ్యనున్న నేల వెడల్పు అర మైలు కూడా ఉండదు. ఆ నేల నిలకడగా ఉండేది కూడా కాదు. అది కదులుతున్నది. ఈ ఒక్క సంగతి మనసున పెట్టుకొంటే, విడిదికి తేదీ నిర్ణయించడం మొదలుకొని నీటిలో కాలు పెట్టడం వరకు ప్రతి పనినీ కొంచెం వేరుగా ఆలోచించవలసి వస్తుంది. అట్లా ఆలోచించక వెళ్లినవారు డబ్బు పోగొట్టుకొన్న సందర్భాలున్నవి. ప్రాణాలు పోగొట్టుకొన్న సందర్భాలూ ఉన్నవి.

ఇటువంటి దీవులను అవరోధ ద్వీపాలని అంటారు. పెద్ద సముద్రపు తాకిడి నేరుగా ప్రధాన భూమి మీద పడకుండా అడ్డుగోడవలె నిలుస్తవి కాబట్టి ఆ పేరు వచ్చినది. మనకు ఇది బొత్తిగా కొత్త విషయం కాదు. రాకెట్ల మూలాన పేరు వినని వారుండని శ్రీహరికోట ఇటువంటి దీవియే. దానికి తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాట్ సరస్సు. ఆ సరస్సు స్థానంలో పామ్లికో సౌండు అనే విశాలమైన లోతు తక్కువ జలాశయాన్నీ, శ్రీహరికోట స్థానంలో బోడీ, హాటెరస్, ఓక్రకోక్ అనే దీవులనూ ఊహించుకొంటే ఔటర్ బ్యాంక్స్ స్వరూపం చాలావరకు అందుతుంది.

ఈ దీవి ఎట్లా కదులుతుంది? తుపాను వచ్చినప్పుడు కెరటాలు సముద్రం వైపు ఒడ్డును కోస్తవి. కోసిన ఇసుకలో కొంత దీవిని దాటి అవతల సౌండు వైపున పడుతుంది. ముందు తరిగి వెనుక పెరుగుతుంది. వందల సంవత్సరాల లెక్కన చూస్తే, దీవి తనను తానే దొర్లించుకొంటూ ప్రధాన భూమి వైపు జరుగుతున్నట్లు కనిపిస్తుంది. సముద్రమట్టం పెరుగుతున్నప్పుడు దీవి మునిగిపోకుండా బ్రతకడానికి ఇదే దాని ఉపాయం. తుపాను దెబ్బకు ఒక్కొక్కప్పుడు దీవి తెగి కొత్త మొగ పడుతుంది. నేటికీ పడవలు రాకపోకలు సాగిస్తున్న ఆరెగాన్ మొగ, హాటెరస్ మొగ రెండూ 1846లో ఒకే తుపానులో పడినవి. 2003 సెప్టెంబరులో ఇసబెల్ తుపాను హాటెరస్ దీవిని ఫ్రిస్కో గ్రామానికీ హాటెరస్ గ్రామానికీ మధ్య తెగగొట్టింది. ఇసుక పోసి గండి పూడ్చి మళ్లీ రోడ్డు వేయడానికి సుమారు రెండు నెలలు పట్టినది.

హాటెరస్ అగ్రమున ఉన్న దీపస్తంభం కథ ఇందుకు మంచి సాక్ష్యం. నలుపు తెలుపు చారలు మెలివేసినట్లుండే ఆ ఇటుక స్తంభాన్ని 1870లో కట్టినప్పుడు సముద్రం దానికి సుమారు 1500 అడుగుల దూరంలో ఉండేది. 1970 నాటికి 120 అడుగుల దగ్గరకు వచ్చింది. గోడలు కట్టి, ఇసుక బస్తాలు వేసి, ఎన్నో విధాల ప్రయత్నించి, చివరకు సముద్రంతో వాదించి లాభం లేదని తేల్చుకొన్నారు. 1999 వేసవిలో ఆ స్తంభాన్ని పునాది నుంచి విడదీసి, దిగువన ఉక్కు దూలాలు చేర్చి, పట్టాల మీద అంగుళమంగుళంగా జరిపి, 23 రోజులలో 2900 అడుగుల దూరం తీసుకొనిపోయి నిలబెట్టారు. స్తంభం బరువు 4800 టన్నులకు పైమాట. ఆ దారిని నడిచి చూడవచ్చు. పైకెక్కడానికి మాత్రం మరమ్మతుల వేళ అనుమతి ఉండదు కాబట్టి ముందుగా విచారించుకొని వెళ్లవలె.

ఇక తేదీల సంగతి. పిల్లల బడులకు జూను నడిమి నుంచి ఆగస్టు చివరి వరకు సెలవులు. అద్దెలు అత్యధికంగా ఉండేదీ అప్పుడే. అట్లాంటిక్ తుపానుల కాలంగా జూను 1 నుంచి నవంబరు 30 వరకు లెక్కిస్తారు. అంటే సెలవులన్నీ తుపాను కాలంలోనే పడుతున్నవి. అయితే ఆ కాలమంతా ఒక్క తీరున ఉండదు. ఆగస్టు నడిమి నుంచి అక్టోబరు మొదటి వారాల వరకు దాని ఉధృతి ఎక్కువ. మీ ఇంటి పెద్దలు అనారోగ్యంతో ఉన్నా, చంటిపిల్లలున్నా, జూను చివరి వారాలనో జులై మొదటి సగాన్నో ఎన్నుకోవడం మంచిదని నా అభిప్రాయం. సెప్టెంబరులో జనం పలుచబడతారు, అద్దె తగ్గుతుంది, నీరు వెచ్చగా ఉంటుంది. ఆ సౌఖ్యాలకు ఆకర్షితులైతే తుపాను వచ్చి సగం వారంలో ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చినా నొచ్చుకోకుండా ఉండగల ధైర్యం కూడా తోడు చేసుకోవలె.

నీటి వెచ్చదనం గురించి ఒక చిన్న చిత్రం చెప్పవలసి ఉన్నది. నడి వేసవిలో ఎండ ముప్పై డిగ్రీలు దాటి ఉన్నప్పుడు కూడా, హాటెరస్‌కు ఉత్తరానున్న గ్రామాలలో ఒక్కొక్కనాడు సముద్రం మంచునీరువలె చల్లబడుతుంది. నైరుతి గాలి కొన్నాళ్లు విడువకుండా వీస్తే పైనున్న వెచ్చని నీరు ఒడ్డు నుంచి లోపలికి తరలిపోయి, అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. నిన్న హాయిగా ఈదిన పిల్లలు నేడు పండ్లు కటకటలాడిస్తూ బయటికి వస్తే అది జబ్బు కాదు, గాలి చేసిన పని.

ఏ గ్రామంలో దిగవలె అనేది తరువాతి ప్రశ్న. ఉత్తరాన కరాలా, డక్ గ్రామాలున్నవి. పెద్ద ఇళ్లు, నిశ్శబ్దం, కుటుంబాల సందడి. మధ్యన కిటీ హాక్, కిల్ డెవిల్ హిల్స్, నాగ్స్ హెడ్ ఉన్నవి. దుకాణాలు, భోజనశాలలు, ఆసుపత్రి అన్నీ అందుబాటులో ఉంటవి. రైట్ సోదరులు 1903 డిసెంబరు 17న మొదటిసారి విమానం ఎగరవేసిన ఇసుక నేల కిల్ డెవిల్ హిల్స్‌లోనే ఉన్నది. ఆనాటి మొదటి ప్రయాణం 12 సెకన్లు, 120 అడుగులు. ఆ దూరాన్ని రాళ్లు నాటి గుర్తించారు. తాతగారు మనవడి చేయి పట్టుకొని ఆ దూరాన్ని నడిచి లెక్కపెట్టవచ్చు. దక్షిణాన ఆరెగాన్ మొగ వంతెన దాటితే హాటెరస్ దీవి. అక్కడ ఏడు గ్రామాలు. వాటి మధ్యనంతా జాతీయ సముద్రతీరంగా కాపాడబడుతున్న ఖాళీ ఇసుక నేల. 1937లో అమెరికా కాంగ్రెసు అనుమతించి, 1953లో ఏర్పడిన ఈ హాటెరస్ జాతీయ తీరం ఆ దేశంలో ఆ తరగతికి మొదటిది. ఏకాంతం కోరేవారికి ఇది స్వర్గం. కాని ఆసుపత్రికి పోవలెనంటే చాలా దూరం ఉత్తరానికి ప్రయాణం చేయవలె. ఇంకా దక్షిణాన ఓక్రకోక్ దీవికి వంతెనయే లేదు. బల్లకట్టు వంటి పెద్ద ఫెర్రీ మీద కారు ఎక్కించుకొని గంటకు పైగా నీటి మీద పోవలె. పెద్దలతో వెళ్లే తెలుగు కుటుంబాలకు మధ్య గ్రామాలే సుఖమని చెబుతాను. తక్కిన చోట్లకు పగటి ప్రయాణం చేసి రావచ్చు.

అద్దె పద్ధతి మనకు వింతగా ఉంటుంది. వేసవిలో అక్కడి ఇళ్లను సాధారణంగా వారం చొప్పున ఇస్తారు. శనివారం నుంచి శనివారానికో, ఆదివారం నుంచి ఆదివారానికో. రెండు మూడు కుటుంబాలు కలిసి ఐదారు పడకగదుల ఇల్లు తీసుకొని ఖర్చు పంచుకొంటారు. ఉప్పెన నీరు కింద నుంచి పోయేటట్లు ఇళ్లన్నిటినీ ఎత్తైన కొయ్య స్తంభాల మీద కడతారు. అందువల్ల కారు దిగిన వెంటనే ఒక అంతస్తు మెట్లెక్కవలె. పైగా, సముద్రం బాగా కనిపించాలని వంటగదినీ కూర్చునే హాలునూ చాలా ఇళ్లలో అన్నిటికంటె పై అంతస్తున పెడతారు. మోకాళ్ల నొప్పులున్న అత్తగారు కాఫీ కోసం రోజుకు నాలుగుసార్లు రెండంతస్తులు ఎక్కి దిగవలసి వస్తుందన్నమాట! ఇల్లు ఎన్నుకొనేటప్పుడు ఫోటోలో నీలి సముద్రాన్ని చూసి మురిసిపోక, లిఫ్టు ఉన్నదా, కింది అంతస్తున పడకగది, స్నానాలగది ఉన్నవా అని అడగవలె. దుప్పట్లు, తువ్వాళ్లు ఇస్తారా లేదా అనేదీ ఇంటింటికీ మారుతుంది.

ఒప్పందం మీద సంతకం చేసే ముందు ఒక చట్టాన్ని తెలుసుకొని ఉండడం అవసరం. నార్త్ కెరొలినా శాసనసభ 1999లో విహారగృహాల అద్దె చట్టాన్ని చేసింది. దాని ప్రకారం ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండవలె; ముందుగా చెల్లించిన సొమ్మును ప్రత్యేకమైన ఖాతాలో భద్రపరచవలె. తుపాను భయంతో అధికారులు తప్పనిసరిగా ఖాళీ చేయవలెనని ఉత్తర్వు ఇస్తే అద్దెకున్నవారు వెళ్లిపోవలసిందే. అట్లా ఉండలేకపోయిన రాత్రుల లెక్కన అద్దె తిరిగి ఇవ్వవలెనని చట్టం చెబుతున్నది. ఇంతవరకు బాగున్నది. కాని ఇందులో ఒక మెలిక ఉన్నది. ఇటువంటి నష్టాన్ని పూరించే బీమాను ఇంటివారు ముందే మీకు చూపి ఉంటే, మీరు వద్దన్నా, తీసుకొన్నా, ఇంటివారు అద్దె తిరిగి ఇవ్వనక్కరలేదు. తీసుకొని ఉంటే బీమావారు ఇస్తారు. వద్దని ఉంటే ఎవరూ ఇవ్వరు. ఆ బీమా ధర మొత్తం అద్దెలో ఎనిమిది శాతానికి మించరాదని కూడా చట్టమే పరిమితి విధించింది. ఎనిమిది శాతం చిన్న మొత్తం కాదు. అందువల్ల చాలామంది ఆ గడిలో "వద్దు" అని గుర్తు పెట్టి ముందుకు పోతారు. ఆగస్టు, సెప్టెంబరు నెలలకు ఇల్లు తీసుకొనేవారు ఆ పని చేయవద్దని నా మనవి. తుపానుకు పేరు పెట్టిన తరువాత బీమా కొందామనుకొంటే ఆ తుపానుకు అది వర్తించదు. ఆకాశం మబ్బు పట్టి వాన కురిసినంత మాత్రాన కూడా డబ్బు తిరిగి రాదు, ఉత్తర్వు ఉండవలె.

శనివారం నాటి ప్రయాణం మరొక చిక్కు. వేలాది కుటుంబాలు ఒకే పూట దిగి, వేలాది కుటుంబాలు ఒకే పూట ఎక్కే చోట రోడ్డు ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఉత్తరం నుంచి వచ్చేవారికి కరిటక్ సౌండు మీది రైట్ స్మారక వంతెన ఒక్కటే మార్గం. పడమటి నుంచి వచ్చేవారికి రోనోక్ దీవి మీదుగా మార్గమున్నది. ర్యాలీ ప్రాంతం నుంచి బయలుదేరేవారు పడమటి దారిన వస్తే నయం. దీవుల పొడవునా పోయే 12వ నంబరు రోడ్డు ఒక్కటే. హాటెరస్ దీవిలో ఆ రోడ్డు మీదికి సముద్రం తరచుగా వస్తూ ఉంటుంది. రోడాంథీ గ్రామానికి ఉత్తరాన రోడ్డును నిలబెట్టలేక, 2022లో దానికి బదులుగా సౌండు నీటి మీదుగా రెండు మైళ్లకు పైగా వంతెన కట్టి, ఆ దీవిని తప్పించి దీవి పక్కగానే పోయే ఏర్పాటు చేశారు. కందిపప్పు, చింతపండు, పెరుగు తోడు వంటివి ఇంటి నుంచే తీసుకొనిపోవడం తెలివైన పని; దీవి దుకాణాలలో ఇవి దొరకవు, దొరికే వాటికి శనివారం సాయంత్రం పెద్ద వరుస ఉంటుంది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది సముద్రస్నానం. మనవారిలో చాలామందికి ఈత రాదు. మోకాళ్ల లోతున నిలబడి అలలు తాకుతుంటే సంతోషపడేవారే ఎక్కువ. ఆ మోకాళ్ల లోతు కూడా ఇక్కడ నమ్మదగినది కాదు. కెరటాలు ఒడ్డుకు మోసుకొని వచ్చిన నీరు మళ్లీ వెనుకకు పోవలె గదా! నీటి అడుగున ఒడ్డుకు సమాంతరంగా ఇసుక మెట్టలుంటవి. ఆ మెట్టల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ నుంచి నీరంతా కాలువవలె ఒక్కటై లోపలికి పరుగెడుతుంది. దీనిని అక్కడివారు రిప్ కరెంటు అంటారు. అది మనిషిని అడుగుకు లాగదు, లోపలికి లాగుతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు ఎనిమిది అడుగుల వరకు వేగం అందుకొంటుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. చిక్కుకొన్నవాడు భయపడి ఒడ్డు వైపే చేతులు ఆడిస్తాడు, అలసిపోతాడు, మునిగిపోతాడు. చేయవలసినది వేరు. వెల్లకిల తేలుతూ ఊపిరి నిలుపుకోవలె. చేయెత్తి కేక వేయవలె. ఈత వచ్చినవాడు ఒడ్డుకు ఎదురుగా గాక ఒడ్డు వెంబడి పక్కకు ఈదితే, ఆ కాలువ వెడల్పు దాటి బయటపడతాడు. అప్పుడు కెరటాలే అతనిని ఒడ్డుకు చేరుస్తవి.

కెరటాలు తెల్లగా విరిగే చోట మధ్యన ఒక జాగా మాత్రం విరగకుండా ప్రశాంతంగా, కొంచెం మురికిరంగున కనిపిస్తే అదే ఆ కాలువ. తెలియనివారు "ఇక్కడ నీరు శాంతంగా ఉన్నది, పిల్లలను ఇక్కడ దింపుదాము" అనుకొంటారు. ఎంత పొరపాటు! ఎర్రజెండా ఎగురుతున్ననాడు నీటిలో దిగరాదు. వందల మైళ్ల దూరాన తుపాను తిరుగుతూ ఉన్నప్పుడు ఇక్కడ ఎండ కాస్తూ, ఆకాశం తేటగా ఉండి కూడా ఈ ప్రవాహాలు విజృంభిస్తవి. రక్షకభటులు ఉండే తీరాలు కొన్ని మాత్రమే. ఈత రానివారు ఆ చోటికే పోవలె. చంటిపిల్లలకూ, ముసలివారికీ సౌండు వైపున నీరు చాలా దూరం మోకాలి లోతున, అలలు లేకుండా ఉంటుంది. వారి ఆటపాటలకు అదే తగిన స్థలం.

ఒకరు కొట్టుకొనిపోతుంటే ఒడ్డున ఉన్న తండ్రో, మేనమామో దూకి తానూ పోవడం ఇటువంటి ప్రమాదాలలో మళ్లీ మళ్లీ జరుగుతున్న దుఃఖం. తేలే వస్తువేదైనా, కనీసం చల్లని పానీయాల పెట్టె మూతనైనా విసరవలె. 911కు ఫోను చేయవలె. ఈ సందర్భంలో పీ ఐలండ్ రక్షక కేంద్రం కథ తప్పక జ్ఞాపకం వస్తుంది. 1880 నుంచి రిచర్డ్ ఎథరిడ్జ్ అనే నల్లజాతి నాయకుని అధికారంలో, అందరూ నల్లజాతివారే అయిన బృందం అక్కడ పనిచేసింది. బానిసగా పుట్టినవాడు ఎథరిడ్జ్. 1896 అక్టోబరు 11 రాత్రి ఈ.ఎస్. న్యూమన్ అనే ఓడ తుపానులో ఒడ్డు సమీపాన చిక్కుకొన్నది. పడవ దించడానికి గాని, తాడు పేల్చి ఓడకు అందించడానికి గాని వీలు లేకపోయింది. అప్పుడు ఎథరిడ్జ్ మనుషులు నడుములకు పెద్ద తాడు కట్టుకొని, తాడు రెండో కొస ఒడ్డున తమవారి చేతులలో ఉంచి, మార్చి మార్చి ఈదిపోయి, కెప్టెన్ భార్యనూ, చిన్నబిడ్డనూ కలుపుకొని తొమ్మిదిమందినీ ఒడ్డుకు చేర్చారు. ఆ సాహసానికి బంగారు పతకం వారికి దక్కింది—సరిగా నూరు సంవత్సరాల తరువాత, 1996లో. సముద్రమే వృత్తి అయిన మనుషులు కూడా నడుముకు తాడు లేకుండా నీటిలోకి దిగలేదు.

తుపాను హెచ్చరిక వచ్చిననాడు చేయవలసినది తక్కువే: సర్దుకొని వెంటనే బయలుదేరడం. సందర్శకులను ముందుగా, స్థానికులను తరువాత పంపడం అక్కడి ఆనవాయితీ. "ఇల్లు స్తంభాల మీద ఉన్నది గదా, ఒక రాత్రి చూద్దాము" అనే మాట రానీయరాదు. దివిసీమ ఉప్పెనను 1977లో చూసినవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు. కాని మన ఉప్పెన సముద్రం నుంచి వచ్చింది; అక్కడ వెనుక నుంచి కూడా వస్తుంది. తుపాను గాలి మొదట సౌండు నీటిని ప్రధాన భూమి వైపు నదులలోకి నెట్టుతుంది. కేంద్రం దాటగానే గాలి దిక్కు మారి, ఆ నీరంతా ఒక్కుమ్మడిగా దీవి వీపు మీద పడుతుంది. 2019 సెప్టెంబరు 6 ఉదయం డోరియన్ తుపానులో ఓక్రకోక్ గ్రామం అట్లాగే మునిగింది. సముద్రం వైపు చూస్తూ కూర్చున్నవారికి వెనుకనున్న సౌండు నుంచి నీరు వచ్చింది. డిసెంబరు వరకు సందర్శకులను ఆ దీవికి రానీయలేదు.

తుపాను లేకపోయినా ఖాళీ చేయవలసి వచ్చిన సందర్భం ఒకటి ఉన్నది. 2017 జులై చివర వంతెన పనిలో భూమి కింది విద్యుత్తు తీగ తెగి, హాటెరస్, ఓక్రకోక్ దీవులు రెండూ చీకటిలో పడినవి. నడి వేసవిలో వేలమంది విహారులను వెనుకకు పంపివేశారు. కాబట్టి ఒక టార్చిలైటు, బ్యాటరీతో పనిచేసే చిన్న రేడియో వెంట ఉండవలె. ఇది మా వృత్తి అభిమానం కొద్దీ చెబుతున్న మాట కాదు. విద్యుత్తు పోయి, సెల్‌ఫోను స్తంభాలు మూగబోయిన తరువాత కూడా అమెరికా వాతావరణశాఖ వారి రేడియో రాత్రింబగళ్లు హెచ్చరికలు చదువుతూ ఉంటుంది. అసలు రేడియోకూ ఈ దీవులకూ పాత బంధుత్వమున్నది. మాటను తీగ లేకుండా మొదట పంపిన రెజినాల్డ్ ఫెసెండెన్ 1901, 1902 సంవత్సరాలలో ఆ వాతావరణశాఖ కొలువులోనే ఉండి, రోనోక్ దీవిలోనూ హాటెరస్ దగ్గరా స్తంభాలు నాటి ప్రయోగాలు చేశాడు. తుపాను కబురును వేగంగా అందించడమే ఆ ప్రయోగాల లక్ష్యం.

ఎండా వానా అనుకూలిస్తే చూడవలసినవి చాలా ఉన్నవి. నాగ్స్ హెడ్ దగ్గర జాకీస్ రిడ్జ్ అనే మహా ఇసుక దిబ్బ అమెరికా తూర్పు తీరంలో అన్నిటికంటె ఎత్తైన సజీవ దిబ్బ. 1973లో దానిని తవ్వడానికి వచ్చిన యంత్రానికి ఎదురుగా కరొలిస్టా బౌమ్ అనే మహిళ నిలబడడంతో ప్రజలు కదిలి, 1975లో అది రాష్ట్ర ఉద్యానమయింది. సాయంత్రం ఎక్కి గాలిపటం ఎగరవేయవచ్చు. మధ్యాహ్నం ఎక్కితే అరికాళ్లు మాడుతవి. కరాలాకు ఉత్తరాన రోడ్డే లేని ఇసుకలో అడవిగుర్రాలు తిరుగుతూ ఉంటవి. వాటికి యాభై అడుగుల లోపలికి పోవడం, తినిపించడం చట్టవిరుద్ధం. మన పెద్దలు జాలిపడి యాపిలు పండు చేయి చాచి ఇస్తారు. ఆ మేతకు అలవాటు లేని గుర్రం కడుపునొప్పితో చచ్చిపోతుంది.

మే నుంచి ఆగస్టు వరకు రాత్రివేళ సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతవి. సముద్రం వైపు దీపాలు ఆర్పివేయడం, పగలు పిల్లలు తవ్విన గుంటలను సాయంకాలానికి పూడ్చివేయడం విడిది ఉన్నవారి బాధ్యత. దిబ్బల మీద పెరిగే సీ ఓట్స్ అనే గడ్డి వెన్నులు అందంగా ఉంటవి, కోయరాదు. ఆ గడ్డి వేళ్లే ఇసుకను పట్టి ఉంచుతున్నవి.

రోడాంథీ, బక్స్‌టన్ గ్రామాల ఒడ్డున నడిచేవారు చెప్పులు విడువకపోవడం మేలు. 2020 తరువాత అక్కడ సముద్రం వైపు వరుసలోని ఇళ్లు ఒక్కొక్కటిగా నీటిలోకి ఒరిగిపోతున్నవి. 2022 మే 10న ఒక్కరోజే రెండు కూలినవి. 2025 సెప్టెంబరు చివర బక్స్‌టన్‌లో ఒకే సాయంత్రం అనేకం పోయినవి. కట్టిననాడు వాటి ముందు విశాలమైన ఇసుక నేల ఉండేది. వాటిలో చాలావరకు మనం మాట్లాడుకొంటున్నటువంటి అద్దె ఇళ్లే. కూలిన ఇంటి చెక్కలు, మేకులు మైళ్ల దూరం కొట్టుకొనిపోయి ఇసుకలో కూరుకొని ఉంటవి. అందుచేత ఇల్లు మాట్లాడుకొనేటప్పుడు "సముద్రానికి ఎంత దగ్గర?" అని అడిగే అమ్మాయితో, "పోటు వేళ నీటికీ మెట్లకూ మధ్య ఎన్ని అడుగుల ఇసుక మిగులుతుందో కూడా అడుగమ్మా" అని తండ్రిగారు చెప్పవచ్చు. రెండో వరుసలోని ఇంటికి అద్దె తక్కువ. సముద్రానికి నడక మూడు నిమిషాలు.